పద్నాలుగు అంగుళాలు

లోపలి జేబు కుట్టమన్నాడు, వీపు వైపు,
కాలరు కింద మొదలై నడుం దాకా.
ఎంత లోతురా అన్నాను.
మాట్లాడకుండా బల్ల మీది స్కేలు తీసి
పద్నాలుగు దగ్గర బొటనవేలు పెట్టాడు.

ఏం పెట్టుకుంటావని నేనడగలేదు.
వ్యాసర్‌పాడిలో దర్జీ అడగకూడనివి కొన్ని ఉంటాయి.
జీన్సు గుడ్డ రెండు మడతలేసి కుట్టాను,
పదును తగిలినా చిరగకుండా.
ఆ మాట వాడు చెప్పలేదు, నాకే తోచింది.
ఎనభై రూపాయలు తీసుకున్నాను.

చెంగల్రాయుడు వాడి పేరు.
ఒకటో తరగతి యూనిఫాం నుంచీ
వాడి కొలతలు నా పుస్తకంలో ఉన్నాయి.
ఛాతీ ఇరవై రెండు. ఇరవై మూడున్నర.
మధ్యలో ఒక ఏడు కొత్త కొలత లేదు,
వాళ్ళ నాన్న మాన్‌హోల్లోకి దిగి పైకి రాని ఏడు.
పాత నిక్కరుకే అంచు విప్పి పొడుగు చేసిచ్చాను.

సన్నగా ఉంటాడని గ్యాంగులో 'ఊసి' అన్నారు.
అరవంలో ఊసి అంటే సూది.
మాకు ఇంట్లో తెలుగు, వీధిలో అరవం.
కత్తి మాత్రం రెండింట్లోనూ కత్తే.

ముందు బీచ్ స్టేషన్‌లో సెల్‌ఫోన్లు.
తర్వాత కాసిమేడులో చేపల వేలం దగ్గర మామూళ్ళు.
తర్వాత ఎవడిదో ఒక చెవి.
బెయిలు మీద వచ్చినప్పుడల్లా
వాయిదాకి తెల్లచొక్కా కుట్టించుకునేవాడు.
ఒక్క పైసా బాకీ పెట్టలేదు. అదీ చెప్పాలి.

ఆడి నెలలో, ఐసు ఫ్యాక్టరీ గేటు ముందు
లోడింగు పనిచేసే మదియళగన్‌ని
ముగ్గురు కలిసి నరికారు.
వాళ్ళకి కావలసింది అతని తమ్ముడట.
రక్తం గడ్డకట్టలేదట,
కరిగే ఐసుతో కలిసి కాలవదాకా పారిందట.
టీకొట్టులో చెప్పుకుంటుంటే
నేను కాజాలు కుట్టుకుంటూ ఉన్నాను.

కోర్టులో ప్లాస్టిక్ సంచిలోంచి చొక్కా తీసి చూపించారు.
కుట్టు నాదేనన్నాను.
ఇంత పొడుగు జేబు దేనికనుకున్నావు?
గొడుగుకేమో అనుకున్నానయ్యా.
ఎవరో నవ్వారు.
బోనులో వాడు నవ్వలేదు. నా చేతులకేసి చూస్తున్నాడు.
యావజ్జీవం వేశారు.

రెండు నెలలకి పూంగొడి వచ్చింది, మదియళగన్ పెళ్ళాం.
మొగుడి చొక్కాలు మూడు, మడిచి, ఇస్త్రీ చేసి.
పిల్లాడికి కుదించమంది.
కోర్టులో నన్ను చూసింది ఆమె, గొడుగు మాట విన్నది.
అయినా వచ్చింది. వీధిలో ఇంకో దర్జీ లేడు.
పదకొండేళ్ళవాణ్ణి అటు తిరగమని
కాలరు నుంచి నడుం దాకా టేపు పెట్టాను.
అంకె పైకి చెప్పడం నా అలవాటు.
ఆ రోజు చెప్పలేదు. పుస్తకంలోనూ రాయలేదు.
డబ్బొద్దంటే బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

పుళల్ జైల్లో వాడికి కుట్టు పని ఇచ్చారు.
కార్డు రాశాడు, తప్పుల తెలుగులో:
'మామా, కాలరు తిరగేస్తే మొన తేలటం లేదు.'
అంతే. క్షేమం అడగలేదు, చెప్పలేదు.

కార్డు మూడు వారాలు మిషను సొరుగులో ఉంది,
విరిగిన సూదుల మధ్య.
తర్వాత ఒక మంగళవారం వెళ్ళాను.
గేటు దగ్గర వార్డరు నా మెడకేసి వేలు చూపించాడు.
టేపు. నలభై ఏళ్ళుగా ఉన్నది,
ఉన్నట్టే తెలియదు. తీసి ఇచ్చాను.

వలకి అవతల తెల్లబట్టల్లో వాడు.
భుజం ముప్పావు అంగుళం తగ్గింది, కంటి లెక్కన.
మొన దగ్గర గుడ్డ ఎక్కువుంచుతున్నావురా,
కత్తిరించి తిప్పు, సూదితో బయటికి లాగు.
'సూదులు పొద్దున లెక్కపెట్టి ఇస్తారు మామా,
సాయంత్రం లెక్కపెట్టి తీసుకుంటారు.'
ఆ పిల్లాడి చొక్కాల సంగతి చెబుదామని నోరు తెరిచాను.
టైమయిందన్నారు.

గేటు దగ్గర టేపు తిరిగిచ్చారు.
మెడలో వేసుకోలేదు.
చుట్టచుట్టి ప్యాంటు జేబులో పెట్టుకున్నాను.
నేను కుట్టిన జేబే అది.
చెయ్యి పట్టేంత లోతు.